మంచుకొండల క్రింది ఊళ్లు

నేపాళ దేశమునకు సముద్రము లేదు. ఉత్తరమున టిబెట్టు, తక్కిన మూడు దిక్కుల భారతదేశము. విదేశములనుండి ఆ దేశమునకు రావలసిన సరకు కలకత్తా రేవున దిగి, సుమారు ఏడువందల కిలోమీటర్లు నేలమీద నడచి సరిహద్దునందలి బీర్‌గంజ్ పట్టణమును చేరవలెను. 2016లో కుదిరిన ఏర్పాటువలన విశాఖపట్టణపు రేవు గూడ నేపాళమునకు తెరువైనది. కాని అక్కడినుండి దూరము రమారమి రెట్టింపు. బీర్‌గంజ్ చేరిన పిదపనే అసలు ప్రయాణము మొదలగును. అక్కడినుండి ముందుకు నదుల యొడ్డున కొండను తొలిచి వేసిన బాటలు, వంతెనలు, మలుపులు. ఆ బాట ఒక్కచోట తెగినచో మందులు, ఉప్పు, విత్తనములు, ఇంటికప్పు రేకులు అన్నియు అక్కడనే ఆగిపోవును.

అట్టి దేశమునకు ఇప్పుడు కొండలనుండియే ముప్పు వచ్చుచున్నది.

దక్షిణపు మైదానమున సముద్రమట్టమునకు నూరు మీటర్ల ఎత్తైనను లేని చోట్లు నేపాళమున కలవు. ఉత్తరపు హద్దున 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరమున్నది. నేపాళీయులు దానిని సగర్‌మాథా యందురు. ఈ రెంటికి నడుమ దూరము రెండువందల కిలోమీటర్లకు మించదు. ఇంత ఎత్తునుండి ఇంత త్వరగా దిగు నీటికి ఎంత వేగముండునో విద్యార్థులు ఊహింపవచ్చును. ఏటి వర్షములో ఇంచుమించు అయిదింట నాలుగు పాళ్లు నాలుగు నెలలలోనే కురియును. మిగిలిన ఎనిమిది నెలలు కొండమీది మంచు, మన్నులోని ఊటలు ఆ ప్రజలకు ఆధారము.

బొగ్గు, నూనెలు కాల్చుటవలన వెలువడు బొగ్గుపులుసు వాయువు ఆకాశమును కప్పి, భూమి వేడిని బయటికి పోనీయక పట్టియుంచుచున్నది. ఆ వేడికి హిమానీనదములు కరగుచున్నవి. ప్రపంచము కేవలము ఒకటిన్నర డిగ్రీల వేడిమి పెరుగుదలతో ఆగినను, హిందూకుష్ హిమాలయములందలి మంచులో మూడవ వంతు ఈ శతాబ్దము చివరకు కరగిపోవునని ఖాట్మండు నగరమందలి అంతర్జాతీయ పర్వతాభివృద్ధి సంస్థ 2019లో ప్రకటించినది. ప్రపంచమంతయు విడుచుచున్న బొగ్గుపులుసు వాయువులో నేపాళము వంతు వెయ్యింట ఒక పాలైనను కాదు.

హిమానీనదము క్రిందికి జారునపుడు తన ముందు రాళ్లను, మట్టిని త్రోసికొని పోవును. అది కరగి వెనుకకు తగ్గినపుడు ఆ రాళ్లు కట్టవలె నిలిచిపోవును. కట్ట వెనుక నీరు చేరి చెరువగును. ఊరి చెరువుకట్టను మనుష్యులు మట్టిని అణగద్రొక్కి, రాతిపేర్చి, అలుగు విడిచి కట్టుదురు. ఈ కట్టను ఎవరును కట్టలేదు. దాని గర్భమున మంచుగడ్డలు కూడ ఉండును. అవి కరగినకొలది కట్ట గుల్లయగును. ఎగువనుండి ఒక పెద్ద మంచుచరియ చెరువులో పడినచో అల లేచి కట్టను దాటును, కోయును, తెంచును. 1985 ఆగస్టు 4వ తేదీన ఎవరెస్టు సమీపమున దిగ్ త్సో అను సరస్సు ఇట్లే తెగినది. షేర్పాల భాషలో త్సో యనగా సరస్సు. నిర్మాణము దాదాపు పూర్తియైన నామ్చే జలవిద్యుత్కేంద్రము ఆ వరదలో కొట్టుకొనిపోయెను. పదునాలుగు వంతెనలు పోయెను. ప్రాణనష్టము స్వల్పమే; కాని వంతెన లేని కొండలోయలో ఈ యొడ్డువారు ఆ యొడ్డునకు పోవుట ఎట్లు?

ఆ వరద తరువాతనే లోకము ఈ సరస్సుల వైపు చూచినది. 2020లో జరిగిన లెక్కప్రకారము కోశి, గండకి, కర్ణాలి నదుల పరీవాహమున తెగు ప్రమాదము గల సరస్సులు 47. వానిలో 21 మాత్రమే నేపాళమున ఉన్నవి. 25 టిబెట్టున, ఒకటి భారతదేశమున. అనగా సగమునకు పైగా ఆ దేశపు చేయి చేరని చోటనే ఉన్నవి.

కొండవారు సహజముగ ధైర్యవంతులు, కష్టసహిష్ణువులు అని మెచ్చుకొనుట లోకమున పరిపాటి. ఆ మెప్పు నిజమే. కాని అది చాలమందికి ఒక సాకుగా కూడ పనికివచ్చుచున్నది. ఓర్పు గలవారు కదా, ఎట్లో తట్టుకొందురు అని తలచి దూరమున నున్నవారు ఊరకుందురు. వరదను ఓర్పుతో ఆపలేరు. సరస్సు నీటిని దించుటకు కాలువ త్రవ్వవలెను; దానికి ధనము, యంత్రములు, ఇంజనీర్లు కావలెను. కాలువ త్రవ్విన తరువాత దానిని కనిపెట్టియుండువాడు కావలెను. ఈ చివరిమాటను ధనమిచ్చువారు తరచుగ మరచుచున్నారు.

త్సో రోల్పా సరస్సు కథయే దీనికి తార్కాణము. అది దోలఖా జిల్లాలో రోల్వాలింగ్ లోయయందు 4,500 మీటర్లకు పైనున్నది. 1997లో అది తెగుననెడు భయము పుట్టి, దిగువ ఊళ్లవారు కొందరు ఇండ్లు విడిచి మిట్టలెక్కిరి. మరుసటి సంవత్సరము ఊరూరను సైరనులు పెట్టిరి. నీరు కదలిన వెంటనే అవి తమంతట మ్రోగును. 2000 సంవత్సరమున డచ్చివారి సహాయముతో కట్టను కోసి, తలుపు గల కాలువ నిర్మించి, నీటిమట్టమును మూడు మీటర్లు దించిరి. ఇది ఘనకార్యమే. అయితే మూడు మీటర్లు చాలవని, ఇంకను ఎంతయో దించవలెనని నిపుణులు ఆనాడే చెప్పిరి. సైరనుల సంగతి మరియు విచారకరము. దేశమున అంతర్యుద్ధము సాగుచుండెను. యంత్రములను బాగుచేయువారు లేకపోయిరి, కొన్నిటి భాగములను ఎవరో ఊడదీసికొనిపోయిరి. కొన్ని యేండ్లలోనే అవి మూగవైపోయెను. ఊరివారిని నిందించుట సులభము. ఆ సైరను ఎవరిది? దానిని పెట్టినవారు వెళ్లిపోయిరి. దానికి చమురు వేయుట, తీగ మార్చుట ఎవరి పనియో ఎవరికిని అప్పగింపబడలేదు.

దీనికి ప్రక్కన నేపాళపు అడవుల చరిత్రను పెట్టి చూడవలెను. 1957లో ప్రభుత్వము ప్రైవేటు అడవులనన్నిటిని జాతీయము చేసెను. ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని అంతవరకు ఇది మా ఊరి అడవి యని కాచుకొనుచున్నవారు, ఇక మాకేమి, సర్కారు సొత్తు కదా యనుకొనిరి. కొండలకు కాపు లేకపోయెను. చెట్టు పోయినచోట వానకు మన్ను జారెను, ఊటలు సన్నగిల్లెను. ఈ పొరపాటును ఆ దేశమే గ్రహించినది. 1970 దశకము చివరనుండి మెల్లగా, 1993 నాటి అటవీ చట్టముతో గట్టిగా, అడవులను ఊరి సంఘముల కప్పగించెను. నేడట్టి సంఘములు ఇరువదిరెండువేలకు పైగా కలవు. ఏ నెలలో గడ్డి కోయవచ్చును, ఎండుపుల్లలు ఎవరు ఏరుకొనవచ్చును, కాపలా వంతు ఎవరిది, చెట్టు కొట్టినవానికి జరిమానా యెంత — ఇవన్నియు సంఘమే నిర్ణయించును. కలప అమ్మగా వచ్చిన సొమ్ముతో కొన్ని ఊళ్లలో బడికి కప్పు వేసిరి, బాటను బాగుచేసిరి. 1990 ప్రాంతమున దేశపు విస్తీర్ణములో ఇంచుమించు నాల్గవ వంతున్న అడవి 2016 నాటికి నూటికి నలుబదియైదు పాళ్లకు చేరినది. పేదదేశము ఇంతగా అడవిని పెంచుకొనుట లోకమున అరుదు.

ఈ ఘనతనంతయు సంఘములకే కట్టిపెట్టుట మాత్రము తగదు. అడవి పెరుగుటకు వేరొక కారణము కూడ కలదు. అది సంతోషింపదగినది కాదు. కొండవాలు పొలములను దున్నువారు లేక బీడువడి చెట్లు మొలచినవి. పడుచువారు మలేషియాకు, గల్ఫు దేశములకు కూలికై వలసపోవుచున్నారు. కరీంనగరు, నిజామాబాదు జిల్లాల పల్లెలకు ఈ సంగతి క్రొత్త కాదు. ఆ ఎడారి నగరములలో తెలుగు కూలీలు, నేపాళీ కూలీలు ఒకే మేడకు ఇటుకలు మోయుచుందురు. వారు పంపు సొమ్ముతో ఇండ్లు నిలుచుచున్నవి. కాని వరద వచ్చు రాత్రి ముసలితల్లిని వీపున మోసికొని మిట్ట ఎక్కవలసిన కొడుకు ఆ ఊర ఉండడు. ముప్పును తట్టుకొను శక్తిని లెక్కించు పెద్దలు ఈ లెక్కను కూడ వేయవలెను.

కర్ణాలి నది కొండలు విడిచి మైదానమున అడుగిడు చోట చీసాపానీ అను ఊరు కలదు. అక్కడ నీటిమట్టము కొలుచు మనుష్యుడొకడుండును. నీరు గుర్తుదాటిన వెంటనే అతడు దిగువ ఊళ్లకు ఫోనుచేయును. వరద ఆ ఊళ్లకు చేరుటకు రెండుమూడు గంటల వ్యవధి యుండును. ఆ వ్యవధిలో ఎవరు ఎవరిని లేపవలెనో, పశువుల కట్టు ఎవరు విప్పవలెనో, ఏ మిట్టకు పోవలెనో గ్రామసంఘము ముందుగనే నిర్ణయించి, ఏటేట అభ్యాసము చేయించును. ఖరీదులో ఇది త్సో రోల్పా సైరనులముందు లెక్కకు రాదు. అయినను ఇది పనిచేయుచున్నది. ఏలయన దీని ప్రతి అంచెయందును పేరుగల మనుష్యుడొకడున్నాడు. మైదానమున నది మెల్లగా వచ్చును కనుక ఇది సాధ్యమైనది. మంచుసరస్సు తెగినచో ఎగువ ఊళ్లకు కొన్ని నిమిషములే వ్యవధి. అక్కడ మనిషి చాలడు. యంత్రమే కావలెను, యంత్రమునకు మరల మనిషి కావలెను.

ఊరు ఎంత ఐకమత్యముగ నున్నను సరస్సును దించలేదు. 2016లో ఎవరెస్టు దాపున ఇమ్జా సరస్సును మూడు మీటర్లకు పైగా దించుటకు సైన్యమే పోవలసివచ్చెను. అయిదువేల మీటర్ల యెత్తున గాలి పలుచన. సైనికులు కొన్ని గంటలకన్న పని చేయలేకపోయిరి. ముస్తాంగు ప్రాంతమున సామ్‌జోంగ్ అను గ్రామపు ఊట ఎండిపోగా, ఇరువదికి లోపడిన ఆ కుటుంబములు తరతరముల ఇండ్లను విడిచి నది దాపునకు తరలిపోయినవి. ఆ ఊరివారు వాతావరణమును చెరిపినవారు కారు. వారి నూతన గృహములకు ధనము ఎవరివ్వవలెనను ప్రశ్నకు దానము అను మాట సరియైన ఉత్తరము కాదు, అది బాకీ. పొగగొట్టములతో ధనవంతములైన దేశములు ఈ బాకీని మాటలతో ఒప్పుకొనుచున్నవి, చేతితో చెల్లించుటలో జాగు చేయుచున్నవి. పెరుగుచున్న దేశములును తమ పాలు తాము చూచుకొనక తప్పదు.

2024 సెప్టెంబరు చివరివారమున మూడు దినములు ఎడతెగని వానకు నేపాళమున రెండువందల నలుబదిమందికి పైగా మరణించిరి. రాజధానికి పోవు రాజమార్గములు పెక్కుచోట్ల తెగిపోయెను. 2025 జులై 8వ తేదీన టిబెట్టునందలి మంచుమీది సరస్సు ఒకటి తెగి, రసువా జిల్లాలో చీనాకు నేపాళమునకు నడుమనున్న మైత్రీసేతువును తుడిచిపెట్టెను. నీరు సరిహద్దును దాటినది గాని ముందు కబురు దాటలేదు. ఎగువ దేశము, దిగువ దేశము అను భేదము పాటింపక ఒక ఫోను కబురంపుటకు ఏ యంత్రమును క్రొత్తగ కనిపెట్టనక్కరలేదు. భారతదేశమునకును ఇందు పట్టింపు కలదు. ఆ నదులన్నియు గంగకే దిగివచ్చును.

ఆ రెంటికి ముందు, 2024 ఆగస్టు 16వ తేదీన, థామే అను షేర్పా గ్రామముపై ఎగువ సరస్సుల నీరు విరుచుకొనిపడెను. తేన్సింగు నోర్గే బాల్యము గడచినది ఆ ఊరనే. ఇండ్లు, బడి, వైద్యశాల రాళ్లక్రింద పోయెను. అది మధ్యాహ్నము, జనులు చూచి, కేకలువేసి, మిట్టలకు పరుగెత్తిరి. ఒక్క ప్రాణము కూడ పోలేదు. రాత్రియైనచో ఏమగునో ఆ ఊరివారు ఇప్పుడు తర్కించుకొనుచున్నారు. అక్కడనే మరల ఇండ్లు కట్టవలెనా, మిట్టమీదికి పోవలెనా యనునది వారి ముందున్న ప్రశ్న. ఎగువ లోయలలో సరస్సులు ఇంకను కలవు.