తేలిక బానెట్ సరే... దాన్ని పట్టుకునేదెవరు?

ఫైబర్ బానెట్ వేయించుకున్న ఏ కుర్రాణ్ణైనా కదిలించి చూడండి, మొదటి మాట బరువే. "అన్నా, సగం బరువు తగ్గింది, ఒంటి చేత్తో లేపొచ్చు" అంటాడు. కాదనట్లేదు. మరి లేపాక దేని మీద ఆపావు, మూశాక దేంతో లాక్ చేశావు అని అడగండి. "పాతదే ఉంది గదన్నా" అంటాడు. నా గొడవంతా ఆ "పాతదే" తోనే.

సూటిగా చెప్పేస్తాను. బానెట్ మార్చి, దాన్ని పట్టుకునే సరంజామా మార్చకపోవడం సగం పని. ఆ సగం పనికి పూర్తి డబ్బులు తీసుకునే షాపులు మా మెదక్ లోనూ ఉన్నాయి, హైదరాబాద్ లోనూ ఉన్నాయి. ఒక మాడ్యూల్ మార్చేసి, దాన్ని పిలిచే కోడ్ ని ముట్టుకోకుండా రిలీజ్ చేస్తే మా మేనేజర్ నన్ను ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం అందరూ ఊరుకుంటున్నారు.

ముందు ఆ బరువు సంగతి చూద్దాం. ఇనప బానెట్ పై రేకు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. అంటే చదరపు మీటరుకి ఐదున్నర కిలోలు. మ్యాట్ పరిచి రెసిన్ పూసి చేసే ఫైబర్ షీటు 3 మిల్లీమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకి నాలుగు కిలోల పైచిలుకు. తేడా ఓ కిలో, కిలోన్నర! మరి మిగతా బరువు ఎక్కడ మాయమైంది?

ఇనప బానెట్ లేపి అడుగున చూడండి. గట్లు గట్లుగా ఇంకో రేకు ఉంటుంది, అదే లోపలి చట్రం. వెనక కబ్జాలు, ముందు లాక్ కొక్కెం, రాడ్ దూరే బొక్క, అన్నీ దానికే. చవక ఫైబర్ బానెట్ లో తగ్గించింది ఆ చట్రాన్ని. అంటే మీరు మురిసిపోతున్న తేలికదనంలో ఎక్కువ భాగం ఫైబర్ గొప్పతనం కాదు, తీసేసిన ఎముకలు!

ఇప్పుడు ఈ ఎముకల్లేని బానెట్ కి మనవాళ్ళు ఏం చేస్తారు? స్టైలు కోసం రెండు గ్యాస్ స్ట్రట్లు (మన మెకానిక్ లు షాకర్లంటారు) బిగిస్తారు. అవి ఇనప బానెట్ కోసం లెక్కేసినవి. 14 కిలోల్ని లేపి నిలబెట్టే తోపు 6 కిలోల బానెట్ మీద పడితే మిగతా 8 కిలోలకి సరిపడా తోపు ఎక్కడికి పోవాలి? బానెట్ ని వంచడానికే పోతుంది. పైగా మూసినప్పుడు షాకర్ నొక్కుకుని ఉంటుంది, రాత్రీ పగలూ తోస్తూనే ఉంటుంది. ముందు లాక్ కిందకి లాగుతుంది, పక్కన షాకర్ పైకి తోస్తుంది, మధ్యలో ఫైబర్ విల్లులా వంగుతుంది.

దీనికి మన ఎండ తోడు. మామూలు పాలిస్టర్ రెసిన్ 70 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో ఎండకి నిలిపిన నల్ల బానెట్, కింద వేడి ఇంజన్... ఇంక చెప్పాలా? ఒకసారి అలా వంగి కుదురుకుంటే మళ్ళీ సాపు కాదు.

మా చిన్నాయిన కొడుకు బండికి జరిగింది ఇదే. పాత చిన్న కారు, ఫైబర్ బానెట్, రెండు షాకర్లు. ఒక ఎండాకాలం గడిచేసరికి మూలలు వేలెడు లేచాయి. షాపుకి పోతే "ఏం గాదు సార్, ఫైబర్ గట్లనే ఉంటది" అన్నారు. తర్వాత ఒకరోజు నర్సాపూర్ రోడ్డులో, కౌడిపల్లి దాటాక, లాక్ కొక్కెం ఫైబర్ ముక్కతో సహా ఊడొచ్చింది. బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంది. పక్క సీట్లో మా చిన్నమ్మ. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి బండి ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. షాపు వాడి జవాబు: "మీరు గట్టిగ ఏసుంటరు." మూసే చెయ్యిదే తప్పట, బిగించిన చెయ్యిది కాదట!

గాలి లెక్క కూడా చూడండి, ఇంజనీరింగ్ మొదటేడాది లెక్కే. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 47 కిలోల బరువుతో సమానం. 50 వేగంలో 12 కిలోలే. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. ముందు అంచు కాస్త లేచి గాలి లోపలికి దూరిందంటే 6 కిలోల బానెట్ ఆగుతుందా? ఊర్లో చర్చి దాకా వెళ్ళొచ్చి "బాగానే ఉంది" అనుకున్నది, రామాయంపేట దగ్గర 44వ నెంబరు హైవే ఎక్కితేనో, దుండిగల్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కితేనో తెలుస్తుంది.

"రేసు కార్లకి కూడా ఫైబరే కదా" అని వాదించేవాళ్ళకి ఒక మాట. చాలా రేసు కార్లలో ఆ బానెట్ కి కబ్జాలూ ఉండవు, షాకర్లూ ఉండవు. నాలుగు మూలలా నాలుగు పిన్నులు. పిన్నులు పీకి, ఇద్దరు ఎత్తి పక్కన పెడతారు. వాళ్ళు బరువుతో పాటు పట్టుకునే పద్ధతినీ మార్చారు. 1957లో వచ్చిన లోటస్ ఎలీట్ కారు బాడీ మొత్తం ఫైబర్ గ్లాసే. అందులోనూ ముందు అద్దం చుట్టూ ఉక్కు చట్రాన్ని ఫైబర్ లో పొదిగి, తలుపుల కబ్జాలు దానికి బిగించారు. 60 ఏళ్ళ పైబడిన తెలివి ఇది, రహస్యమేమీ కాదు.

ఫైబర్ వద్దని నేననట్లేదు. వేయించుకోండి, కానీ ఇలా:

1. లాక్, కబ్జాలు, రాడ్ తగిలే చోట్ల ఉక్కు ప్లేట్లు ఫైబర్ పొరల మధ్య పొదిగి ఉండాలి. ఒట్టి ఫైబర్ కి బొక్క పెట్టి బోల్టు బిగిస్తే అది చిరుగుతుంది.

2. అడుగున గట్లు ఉండాలి, కనీసం చుట్టూ ఒకటి, అడ్డంగా ఒకటి. ఓ కిలో పెరిగితే పెరగనీండి.

3. షాకర్లు వద్దు. కంపెనీ రాడ్ చాలు, అదీ గట్టి చోట ఆనేలా. షాకరే కావాలంటే, దాని మీద న్యూటన్లలో రాసుంటుంది, కొత్త బరువుకి లెక్కేసి తక్కువది కొనండి.

4. కంపెనీ లాక్, దాని రెండో కొక్కెం పీకెయ్యొద్దు. వాటితో పాటు ముందు రెండు పిన్నులు అదనంగా పెట్టించండి.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. బానెట్ దాని కిందకి వస్తుందా అన్నది లాయర్లు తేల్చుకోనీండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి మాత్రం పేచీ పెట్టడానికి ఆ మాట చాలు :)

ఈసారి షాపులో "ఎంత తేలిక?" అని అడక్కండి. బానెట్ ని తిరగేయమనండి. ప్లేట్లు ఎక్కడ, గట్లు ఎక్కడ అని వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకుని బయటికి రండి. హైవే మీద అద్దం ముందుకి లేచే బానెట్ ఎంత తేలికైతే ఏం లాభం?