కొలిచాకే కూల్చండి

సంగారెడ్డి పాత జైలు ఇప్పటికీ నిలబడి ఉంది. 1796లో కట్టిన జైలది. 2012లో ఖైదీలను కందిలో కట్టిన కొత్త జిల్లా జైలుకు తరలించారు. ఊరి నడిబొడ్డున అంత స్థలం ఖాళీ అయితే దాన్ని పడగొట్టి షాపులు కట్టడానికి పెద్దగా కారణాలు వెతకనక్కర్లేదు. పైగా జైలును చూసి మురిసిపోయేవాళ్లు ఎవరుంటారు? అయినా జైళ్ల శాఖ దాన్ని కూల్చలేదు. 2016లో మ్యూజియంగా తెరిచింది. ఐదు వందల రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా గడపవచ్చని ‘ఫీల్ ద జైల్’ అనే పథకం పెట్టింది. ఖైదీల ఖద్దరు బట్టలు, ఓ పళ్లెం, ఓ మగ్గు, జైలు తిండి. సెల్‌ఫోన్ మాత్రం బయటే వదిలిపెట్టాలి. ఆ పథకం గురించి ఎక్కడెక్కడి పత్రికలూ రాశాయి. నాకైతే పథకం కన్నా గోడలే ముఖ్యం. రెండు వందల ఏళ్ల నాటి రాజ్యం తన మనుషుల్ని ఎలా బంధించిందో తెలుసుకోవాలంటే ఏ పుస్తకమూ ఆ గోడలంత సూటిగా చెప్పదు.

ఇక్కడికి గంటన్నర ప్రయాణం దూరంలో, హైదరాబాదు సైఫాబాద్‌లో, ఇంకో ప్రభుత్వ భవనం ఉండేది. పాత సచివాలయంలో జి బ్లాకు. సర్వహిత అని పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ అది. నిజాం దాన్ని చూడటానికి వస్తుంటే దారికి ఉడుము అడ్డొచ్చిందని, అపశకునమని ఆయన వెనుదిరిగాడని, మేడకు తాళం వేయించాడని హైదరాబాదులో కథగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా ఆ మేడ నిజాం కాపురానికి కాకుండా కచేరీలకే ఉపయోగపడింది. నిజాం దివాణంలోని అధికారులు అక్కడ కూర్చున్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ మేడ చుట్టూ ఒక్కో బ్లాకూ లేస్తూ వచ్చింది. ఏ, బి, సి, డి, హెచ్, జె, కె, ఎల్. ఇరవై అయిదు ఎకరాల ఆవరణలో ఒక రాష్ట్రం పరిపాలనంతా పోగుపడింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఆ బ్లాకులనూ పంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు 2016లో వెలగపూడికి వెళ్లిపోయారు. 2019 జూన్‌లో ఆ భవనాలన్నీ తెలంగాణకే దక్కాయి. అదే నెల 27న కొత్త సచివాలయానికి శంకుస్థాపన జరిగింది.

పాత భవనాల్లో అగ్నిప్రమాదం జరిగితే తప్పించుకునే దారి లేదని, శాఖలు తలో బ్లాకులో చెదిరిపోయి ఉన్నాయని ప్రభుత్వం చెప్పింది. అవి కొట్టిపారేయదగిన మాటలు కావు. కానీ డి బ్లాకు 2003లో ప్రారంభమైంది. హెచ్ బ్లాకులకైతే పదేళ్లు కూడా నిండలేదు. వాటినీ, నూట ముప్పై ఏళ్ల జి బ్లాకునూ ఒకే గాట కట్టారు. వ్యాజ్యాలు నడిచాయి. 2020 జూన్ 29న హైకోర్టు వాటిని కొట్టేసింది. వారం దాటగానే, జులై 7 తెల్లవారకముందే, యంత్రాలు లోపలికి వెళ్లాయి. కరోనా రోజులవి. చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేశారు. పోలీసు బందోబస్తు పెట్టారు. విలేకరులను దగ్గరికి రానివ్వలేదు. మూడు రోజులకు కోర్టు పని ఆపమంది. కూల్చివేతకు పర్యావరణ అనుమతి అవసరం లేదని కేంద్రం చెప్పాక 17న మళ్లీ సరేనంది. వ్యవహారం కోర్టు దాకా వెళ్లాక గానీ విలేకరులకు ఆ చోటు చూసే వీలు కలగలేదు. అప్పటికి చాలా భాగం నేలమట్టమైపోయింది.

శిథిలాలు పడి ఆవరణలోని నల్లపోచమ్మ గుడి, మసీదులు దెబ్బతిన్నాయి. అప్పటి ముఖ్యమంత్రి విచారం తెలిపి మళ్లీ కట్టిస్తామన్నారు, కట్టించారు. 2023 ఆగస్టులో గుడి, మసీదు, చర్చి ఒకే రోజు ప్రారంభమయ్యాయి. అంతకు ముందే, ఏప్రిల్ 30న, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో కొత్త సచివాలయం తెరుచుకుంది. పూజలు సాగడానికి కొత్త గుడి సరిపోతుంది. 1888 నాటి మేడను మాత్రం ఎంత డబ్బు పోసినా మళ్లీ కట్టలేరు.

కొత్త సచివాలయం మీద నాకు కోపం లేదు. పాతబడిన ప్రతి ప్రభుత్వ ఆఫీసునూ కాపాడాలనీ నేను అనను. పెచ్చులూడే స్లాబు కింద గుమాస్తాను కూర్చోబెట్టి వారసత్వం గురించి మాట్లాడటం అన్యాయం. నా అభ్యంతరమల్లా పద్ధతి మీదే. మామూలు మనిషి తన ఇల్లు మార్చి కట్టుకోవాలంటే ప్లాను చూపించాలి, అనుమతి తెచ్చుకోవాలి, చెప్పిన నిబంధనకల్లా తలొగ్గాలి. ప్రభుత్వం జనం సొమ్ముతో కట్టిన దాన్ని తలుపులు మూసుకుని, తెల్లవారకముందే ఎందుకు కూల్చాలి?

వేరే దారి లేదనడానికి వీల్లేదు. 2019లోనే హైదరాబాదులోని ఎర్రమంజిల్‌ను పడగొట్టి అక్కడ శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన మేడ అది. వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎర్రమంజిల్ మిగిలింది. సైఫాబాద్‌లోనే, సచివాలయానికి దగ్గర్లో నిజాం కాలపు టంకశాల ఉంది. నాణేల ముద్రణ 1997లో చర్లపల్లికి మారింది. ఖాళీ పడ్డ పాత టంకశాలను 2022లో మ్యూజియంగా తెరిచారు.

హైదరాబాదు గొడవ మనకెందుకు అనుకునే పాఠకులు పటాన్‌చెరులో, సంగారెడ్డిలో ఉంటారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. పారిశ్రామికవాడ పెరిగింది. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, దాని ఆవరణలో 2008లో మొదలై తర్వాత కందికి మారిన ఐఐటీ. 2007లో పటాన్‌చెరు గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయింది. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లకు ఈ నేల మీద తాతముత్తాతల ఇల్లు లేదు. ఊరితో వాళ్లకున్న చుట్టరికమంతా ఆఫీసులతోనే. రేషన్ కార్డు కోసం నిలబడిన తహసీల్ ఆఫీసు వరండా. పిల్ల పుట్టిన సర్కారు దవాఖానా. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజు రాసిపెట్టిన మనిషి, స్టాంపు కాగితం మీద అతని టైపు మిషను పడేసిన అక్షరాలు. అలాంటి చోట్లు పోతే, వాళ్ల బతుకులో ఈ ఊరి పాతదనం అంటూ చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

సంగారెడ్డికి ఇంకో బాధ్యత కూడా ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా మెదక్ జిల్లా కేంద్రం ఇదే. సిద్దిపేట మనిషికైనా, నర్సాపూర్ మనిషికైనా, జహీరాబాద్ మనిషికైనా కలెక్టరుతో పనిపడితే సంగారెడ్డి బస్సే ఎక్కాల్సి వచ్చేది. సిద్దిపేటకు 2021లో, మెదక్‌కు 2023లో కొత్త కలెక్టరేట్లు వచ్చాయి. అయినా ఇక్కడి పాత ఆఫీసులతో ఆ ఊళ్లవాళ్లకూ ముడి ఉంది.

మన జిల్లాలోనే కొండాపూర్ ఉంది. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ శాతవాహనుల కాలపు ఊరిని తవ్వి, దొరికిన సంగతుల్ని పుస్తకంగా అచ్చు వేయించింది. నాణేలను, మట్టిబొమ్మలను దాచిపెట్టింది. ఇవాళ వెళ్లి మ్యూజియంలో చూడవచ్చు. రెండు వేల ఏళ్ల నాటి వాళ్ల ఇటుక గోడలకు ఇచ్చిన విలువను మన తాతల కచేరీలకు ఎందుకివ్వం?

నేను అడిగేది ఖర్చు లేని పని. వందేళ్లకు దగ్గరపడిన ప్రతి ప్రభుత్వ భవనానికీ కలెక్టరేట్‌లో ఒక రిజిస్టరు పెట్టండి. కూల్చాలనుకుంటే ముందు నోటీసు బోర్డు మీద ఆ మాట అంటించి, జనం చెప్పేది వినండి. కొలతలు తీయించి ప్లాను గీయించండి. ఆ పని నేర్చుకుంటున్న పిల్లలు హైదరాబాదు ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఉన్నారు, పిలిస్తే వస్తారు. గది గదికీ ఫొటోలు తీయించండి. డంగు సున్నం గోడో, టేకు దూలమో ఉంటే ఒక ముక్కయినా కొండాపూర్ మ్యూజియానికి ఇవ్వండి. అటక మీది ఫైళ్లను తూకానికి అమ్మకుండా తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపండి. ఇదంతా అయ్యాక కూడా కూల్చక తప్పదంటే పట్టపగలు, అందరూ చూస్తుండగా కూల్చండి.

పాఠకులకు ఒక మాట. మీ ఊళ్లో పాత సర్కారు భవనం కూల్చివేతకు టెండరు పిలిచారని తెలిస్తే, దాని కొలతల ప్లాను, ఇంజనీర్ల నివేదిక ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద వెంటనే దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసులో ఫీజు పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి.