తీర్పు కంటే ముందే జప్తు

ఛత్తీస్‌గఢ్ మద్యం కుంభకోణం కేసులో 2025 జూన్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ రూ.6.15 కోట్ల విలువైన ఆస్తులను తాత్కాలికంగా జప్తు చేసింది. మాజీ ఎక్సైజ్ మంత్రి కవాసీ లఖ్మాకు రాయ్‌పూర్‌లో ఉన్న ఇల్లు, ఆయన కుమారుడికి సుక్మాలో ఉన్న ఇల్లు, సుక్మాలోని కాంగ్రెస్ కార్యాలయ భవనం అందులో ఉన్నాయి. ముడుపుల సొమ్ముతోనే ఆ భవనం కట్టారన్నది ఈడీ ఆరోపణ. ఇది రాజకీయ కక్షసాధింపు అన్నది కాంగ్రెస్ వాదన. ఈ రభసలో అసలు ప్రశ్న మరుగున పడింది. నేరం రుజువు కాకముందే ఆస్తి చేజారే ఈ విధానంలో నిందితుడి న్యాయవాది చేయగలిగింది ఎంత?

మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద రాయ్‌పూర్ న్యాయవాది ఒకే కక్షిదారు కోసం రెండు యుద్ధాలు చేయాలి. నేర విచారణ రాయ్‌పూర్ ప్రత్యేక కోర్టులో సాగుతుంది. ఆస్తి వ్యవహారం మాత్రం ఢిల్లీలోని న్యాయనిర్ణాయక ప్రాధికార సంస్థ ముందు తేలాలి. తాత్కాలిక జప్తు గడువు 180 రోజులు. ఆ లోపు ప్రాధికార సంస్థ ధ్రువీకరిస్తే కేసు నడిచినంత కాలం ఆస్తి అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీలుండదు. అప్పీలు ట్రిబ్యునల్ కూడా ఢిల్లీలోనే. ఆ తరువాతే బిలాస్‌పూర్‌లోని హైకోర్టు. పైగా ఆ సొమ్ము నేరం ద్వారా వచ్చింది కాదని నిరూపించుకోవలసిన భారం 24వ సెక్షన్ ప్రకారం నిందితుడిదే. అంటే ఇల్లు కొన్ననాటి కాగితాలన్నీ వెతికి తేవలసింది అతడే.

గట్టి వాదన గెలిచినా ఆ గెలుపు నిలుస్తుందన్న భరోసా లేదు. ఇదే కుంభకోణంలో విశ్రాంత ఐఏఎస్ అధికారి అనిల్ టుటేజాపై ఈడీ పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 8న కొట్టివేసింది. ఆదాయపు పన్ను ఫిర్యాదు ఒక్కటే ఆధారమైనప్పుడు షెడ్యూల్డ్ నేరమే లేదని, అది లేనప్పుడు నేరార్జిత సొమ్మూ ఉండదని తేల్చింది. రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం అంతకుముందే నమోదు చేసిన ఎఫ్‌ఐఆర్ ఆధారంగా ఈడీ కొత్త కేసు పెట్టింది. రెండు వారాలు తిరగకుండానే ఆయనను అరెస్టు చేసింది. న్యాయసూత్రం గెలిచింది, కక్షిదారు జైలుకు వెళ్లాడు.

ఈ పదునంతా ఒక్క పార్టీ పెట్టినది కాదు. చట్టాన్ని వాజ్‌పేయి ప్రభుత్వం తెచ్చింది. 2005లో అమలులోకి తెచ్చి, 2012 సవరణతో పరిధి పెంచింది యూపీఏ. రెండు సందర్భాలలోనూ ఆర్థికమంత్రిగా ఉన్న చిదంబరాన్నే 2019లో ఈడీ అరెస్టు చేసింది.

ఇంత అధికారానికి దీటైన ఫలితం ఉందా? 2014 నుంచి 2024 వరకు 5,297 కేసులు నమోదు కాగా 40 కేసులలో మాత్రమే శిక్షలు పడ్డాయని కేంద్రమే 2024 ఆగస్టులో లోక్‌సభకు తెలిపింది. మరునాడే ఛత్తీస్‌గఢ్ బొగ్గు రవాణా వసూళ్ల కేసులో ఒక వ్యాపారి బెయిలు పిటిషన్‌పై విచారణలో సుప్రీంకోర్టు ఈ లెక్కను ప్రస్తావించి, దర్యాప్తు నాణ్యతపై దృష్టి పెట్టాలని ఈడీకి హితవు చెప్పింది. శిక్షే పడకపోతే ప్రభుత్వానికి పోయిందంటున్న రెండు వేల కోట్లకు పైబడిన మద్యం సొమ్ము ఖజానాకు తిరిగి చేరే మార్గం కూడా మూసుకుపోతుంది. జప్తు ప్రకటనలు పత్రికలలో మిగులుతాయి.

జప్తు వలన మేలే జరగదని అనడానికీ లేదు. సుమారు 19 లక్షల మంది ఖాతాదారులు మోసపోయిన అగ్రిగోల్డ్ వ్యవహారంలో, ఈడీ జప్తు చేసిన ఆస్తులు చేతులు మారకుండా నిలిచినందువల్లనే బాధితులకు తిరిగి ఇచ్చే దారి ఏర్పడింది. అక్కడ నష్టపోయినవారు ఎవరో తెలుసు, వారి రశీదులున్నాయి.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోని 107వ సెక్షన్ ఈ అధికారాన్ని సాధారణ పోలీసుల దాకా తెచ్చింది. ఎస్పీ అనుమతితో దర్యాప్తు అధికారి కోర్టును కోరవచ్చు. సంజాయిషీకి నిందితుడికి దక్కేది 14 రోజులు. అది నేరార్జితమని కోర్టు భావిస్తే, శిక్ష పడేదాకా ఆగనక్కరలేకుండా, జిల్లా మేజిస్ట్రేటు 60 రోజులలో బాధితులకు పంచవచ్చు. ఆ తరువాత నిందితుడు నిర్దోషిగా తేలితే, పంచేసిన సొమ్మును ఎవరి నుంచి రాబట్టుకోవాలో ఆ సెక్షన్ చెప్పదు.