బాలశిక్షయు జలరక్షయు

“నీటిని వృథా చేయరాదు” అను వాక్యమును మన బాలురు ఏటేట ఎన్నిమాఱులు వ్రాయుచున్నారో లెక్కించినవారు లేరు. పలకమీద వ్రాయుదురు, పుస్తకమున వ్రాయుదురు, పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. వ్రాసి ముగించి చేతులు కడుగుకొనబోయిన బాలుడు కుళాయి కట్టకయే పరుగెత్తి వచ్చును. ఇందు వాని దోష మేమియు లేదు. మనము వానికి వాక్యమును నేర్పితిమి, కుళాయిని నేర్పలేదు.

శాసనముల కొఱత మనకు లేదు. 1976వ సంవత్సరపు 42వ రాజ్యాంగ సవరణము అడవులను, సరస్సులను, నదులను కాపాడుట ప్రతి పౌరునికిని ప్రాథమిక విధియని నిర్ణయించినది. 1991 నవంబరు 22వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము పర్యావరణమును పాఠశాలలలో తప్పనిసరి విషయముగా బోధింపవలెనని ఆదేశించినది. ఆ ఆదేశము ననుసరించి పాఠములు వచ్చినవి; బొమ్మలు వచ్చినవి; ప్రశ్నలు వచ్చినవి. అలవాటు మాత్రము రాలేదు. అలవాటు కంటితో చదువుటచే వచ్చునది కాదు. చేతితో చేయుటచే వచ్చునది. ఈత పుస్తకమునుండి నేర్చినవాడు చెఱువులో దిగినప్పుడు తన విద్యయొక్క విలువ నెఱుగును.

ఈ సత్యము మనకు క్రొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా మహాసభయందు గాంధీమహాత్ముడు చేతిపనిని చదువునకు కేంద్రముగా నిలుపవలెనని వాదించెను. జాకీర్ హుస్సేన్ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము అందులకు పాఠ్యప్రణాళికను సిద్ధపఱచెను. ఆ పద్ధతి దేశమున నిలువకపోవుటకు కారణము లనేకములు. కాని చేయి నేర్చినదానిని తల మఱువదను దాని మూలసూత్రమును ఎవ్వరును కాదనలేదు.

చోడవరమున ఈ మాట చెప్పుటకు ప్రత్యేక హేతువు కలదు. ఈ పట్టణము 2022 ఏప్రిల్ 4వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను నీరు మాఱలేదు. తూర్పు కనుమలలో పుట్టి, అనకాపల్లి ప్రక్కగా పాఱి, బంగాళాఖాతమున కలియు శారదానదియే ఈ సీమకు ప్రాణాధారము. ఆ నదిపై కట్టిన రైవాడ జలాశయము పొలములకు నీరిచ్చుచునే విశాఖపట్టణ నగరవాసుల దాహమునుగూడ తీర్చుచున్నది. ఆ నీరు ముందు రైతునకు చెందవలెనన్న కోరిక ఇచట చిరకాలముగా వినబడుచున్నది. నగరపు దాహము నిజమైనది. రైతు పొలము నిజమైనది. చెఱకు మిక్కిలి నీరు కోరు పైరగుటయు నిజమే. రేపు ఈ తగవును తీర్పవలసినవారు నేడు మన ప్రాథమిక పాఠశాలలలో కూర్చుండియున్నారు. లీటరనగా ఎంతయో చేతితో కొలిచి యెఱుగనివారు నది పంపకమునకు న్యాయము చెప్పగలరా?

కావున కొలతతోనే మొదలిడవలెనని మా అభిప్రాయము. కాఱుచున్న కుళాయి క్రింద ఒక లీటరు సీసా నుంచుడు. అది గంటలో నిండినచో దినమునకు 24 లీటర్లు, సంవత్సరమునకు 8,760 లీటర్లు పోవుచున్నవి. ఐదేండ్ల పసివానికి ఈ గుణకారము రాదు. కాని సీసా నిండుట వానికి కనబడును. ఆ నీటిని మొక్క మొదటిలో తానే పోసినచో ఆ సీసా విలువ వానికి తెలియును. నాలుగవ తరగతి బాలిక ఆ లెక్కను తానే కట్టును. వానకాలమున నిటారు గోడలుగల పాత్రను ఆరుబయట నుంచి, అందు నిలిచిన నీటి లోతును కొలకఱ్ఱతో చూడనిండు. నూఱు చదరపు మీటర్ల కప్పుపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో అది వేయి లీటర్ల నీరు. మన బడి కప్పుపై పడి కాలువపాలగుచున్న నీరెంతయో బాలురే కనుగొందురు. అటుపిమ్మట ఇంకుడుగుంత యేల త్రవ్వవలయునో వారికి ఉపన్యసింప నక్కఱలేదు.

మఱియొక పాఠశాల మన పండుగలోనే యున్నది. చోడవరము స్వయంభూ విఘ్నేశ్వరుని ఊరు. వినాయక చవితినాడు చెఱువునుండి ఒండ్రుమట్టి తెచ్చి, ప్రతిమను చేసి, పూజించి, తిరిగి ఆ నీటిలోనే కలుపుట మన పెద్దల ఆచారము. మట్టి తీసినచోట చెఱువు లోతగును. కలిపిన మట్టి నీటికి హాని చేయదు. నేడు రంగులు పూసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు అంగళ్ల నిండ నిలిచినవి. అట్టి విగ్రహములు కూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలో సవరించిన మార్గదర్శకములలో స్పష్టపఱచినది. ఆ కాగితముకంటె, తన చేతులతో తొండము దిద్దిన బాలుని మాట ఇంటిలో ఎక్కువ చెల్లును.

పత్రిపూజ సంగతియు నట్టిదే. ఇరువదియొక్క పత్రములలో గరిక, మారేడు, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు కలవు. ఒక తరమువాఱు వీనిని వెదకుచు గట్లవెంట తిరిగి చెట్లను పేరుపేరున ఎఱిగిరి. నేటి బాలురకు పత్రియనగా సంతలో కొనితెచ్చు ఆకుల కట్ట. కొమ్మలు విఱిచి తెచ్చుట మాని, ఒక్కొక్క ఆకును గుఱుతించి, చెట్టునకు నొప్పి కలుగకుండ కోయుట నేర్పినచో పూజయు చదువును ఒక్కటియే యగును. జమ్మి యొక్కటియు ఊరిచుట్టు కనబడనిచో ఆ సంగతియు ఒక పాఠమే.

బెల్లము వండు ఋతువున పిల్లలను పొయ్యికి దూరముగా నిలిపి చూపవలసినది మఱొకటి యున్నది. గానుగనుండి వచ్చిన పిప్పిని ఎండబెట్టి, ఆ పిప్పితోనే రసమును కాచుదురు. చెఱకు తన వంటకు తానే వంటచెఱకగుచున్నది. పాఱవేయదగిన వస్తువు చాల తక్కువయని బోధించుటకు ఇంతకు మించిన దృష్టాంతము ఏ పుస్తకమున దొరకును?

దీనికి కొన్ని ఆక్షేపణలు వచ్చును. “మా పిల్లలను చదువునకు పంపితిమి గాని పనికి కాదు” అని తల్లిదండ్రు లందురు. వారి అనుమానము నిష్కారణమైనది కాదు. పని యనగానే బీదవాని బిడ్డచేత చీపురు పట్టించి, కలవాని బిడ్డను బల్లమీద కూర్చుండబెట్టు బడులుండినచో అది శిక్షణము గాదు, అవమానము. వంతులు అందఱకును సమానముగా నుండవలెను. కులమని, బాలుడు బాలికయని భేదము చూపరాదు. పని గంటకు మించరాదు. పని వెనుక లెక్కయో, ప్రశ్నయో ఉండి తీరవలెను. “మాకు తీరిక లేదు” అని ఉపాధ్యాయు లందురు. కుళాయి లెక్క గణితము గాదా? వాన కొలత భూగోళము గాదా? ఆకుల పేళ్లు తెలుగు గాదా?

మొక్కలు నాటు ఉత్సవములనుగూర్చి ఒక మాట. 1950లో కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించినది మొదలు దేశమున నాటిన మొక్కలకు లెక్క యున్నది. బ్రదికిన చెట్లకు లెక్క అరుదు. మొక్క నాటుట గడియ పని. బ్రదికించుట మూడేండ్ల పని. ఛాయాచిత్రమునకు నిలిచిన పిల్లవానికి ఆ గడియ మాత్రమే దక్కినది. ఒక్క మొక్కను పది మందికి అప్పగించి, సెలవులలో ఎవరు నీరు పోయుదురో ముందే నిర్ణయించుడు. అది ఎండినచో ఏల ఎండెనో వారినే అడుగుడు. ఎండిన మొక్కగూడ గురువే.

తుదకు చెప్పవలసినదే ముఖ్యమైనది. బాలురు కొలిచి, లెక్కించి, “మన బడిలో ఈ కుళాయి కాఱుచున్నది” అని వచ్చి చెప్పుదురు. ఆ మఱునాడు దానిని బాగుచేయించినచో వారు జీవితాంతము మఱువని పాఠమును నేర్తురు. ఆఱు నెలలైనను అది కాఱుచునే యున్నచో రెండవ పాఠమును నేర్తురు: పెద్దలమాట పుస్తకమునకే గాని పనికి గాదని. మనమింతవఱకు ఎక్కువగా నేర్పినది ఈ రెండవ పాఠమే. కావున ఈ విద్యలో మొదటి పరీక్ష బాలురకు గాదు. పంచాయతీకి, పాఠశాలా సంఘమునకు, మనకు.

పఠనాలయమున ఈ పంక్తులను చదువు పెద్దలను మేము కోరునది స్వల్పము. మీ వీథిలోని బడికి ఒకమాఱు వెళ్లుడు. ఒక సీసాను, ఒక కొలకఱ్ఱను, పనివానికి ఈయవలసిన కొద్ది రూకలను వెంట గొనిపొండు. పిల్లలు చూపిన కుళాయిని ఆ దినముననే కట్టింపుడు. శారదానది సముద్రమును చేరులోపల మన బిడ్డల చేతులలోనుండి ఒకమాఱు పాఱిపోవుగాక. దాని విలువను ఆ చేతులే యెఱుగును.