మాస్టారి ముచ్చట్లు: రెక్కలు రెట్టింపయితే

బాలలారా! చిన్న బొమ్మ విమానం ఎగిరితే, దానికి రెట్టింపు పెద్దది కూడా ఎగరాలి కదా? నేనూ అలాగే అనుకున్నాను.

నా ఉద్యోగపు చివరి సంవత్సరంలో మా బడి పిల్లలు మూరెడు రెక్కల విమానం ఒకటి చేశారు. లోపల బ్యాటరీ, చిన్న మోటారు. నడిపేవాడి చేతిలో రేడియో పెట్టె. మైపాడు ఇసుకలో అది పిట్టలాగా లేచింది. ఇంకేం! కొలతలన్నీ రెట్టింపు చేసి, మోటారు బలమూ రెట్టింపు చేసి, పెద్దది కట్టారు. అది కోడిపెట్టలాగా పరుగెత్తిందే గాని నేల విడవలేదు. కట్టినవాణ్ణి, "పని శ్రద్ధగా చెయ్యలేదు నువ్వు" అని అందరిముందూ కోప్పడ్డాను. వాడు తల వంచుకుని ఊరుకున్నాడు.

తప్పు వాడిది కాదు. లెక్క చూడండి. పొడవు, వెడల్పు, మందం మూడూ రెట్టింపయితే బరువు 2×2×2, అంటే 8 రెట్లు. రెక్కల వైశాల్యం మాత్రం 2×2, అంటే 4 రెట్లే. జానెడు రెక్క మీద ఇదివరకటికి రెండింతల బరువు పడుతుందన్నమాట. గాలి దాన్ని మొయ్యాలంటే విమానం సుమారు 1.4 రెట్లు వేగంగా పోవాలి. 8 రెట్ల బరువు, 1.4 రెట్ల వేగం: మోటారు బలం 11 రెట్లు దాటాలి! మేమిచ్చింది 2 రెట్లు. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన నాకే ఇది తట్టలేదు.

మన తీరాన ఎగిరిన ఒక పెద్ద నమూనా సంగతి కూడా వినండి. 2016 మే 23 ఉదయం 7 గంటలకు ఇస్రోవారు శ్రీహరికోట నుంచి దాన్ని పంపారు. (శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోదే; 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నది.) దాని పేరు ఆర్.ఎల్.వి.-టి.డి. పొడవు 6.5 మీటర్లు, బరువు 1.75 టన్నులు. మళ్ళీ మళ్ళీ వాడుకోగల రెక్కల రాకెట్టు ఒకటి చెయ్యాలని వారి సంకల్పం. దానికి ఇది చిన్న నమూనా. అంత బరువును లేపడానికి కింద ఒక రాకెట్టును అమర్చారు. అది 91 సెకన్లు మండి ఆరిపోయింది. సుమారు 56 కిలోమీటర్ల ఎత్తున నమూనా విడిపోయి, 65 కిలోమీటర్ల దాకా పోయి, ధ్వనికి 5 రెట్ల వేగంతో గాలిలోకి దిగింది. అక్కడినుంచి పులికాటు మీది గూడబాతులు రెక్క ఆడించకుండా జారినట్టే! రేడియో పెట్టె పట్టుకుని నడిపినవారెవరూ లేరు. దాని లోపలి కంప్యూటరే దారి చూసుకున్నది. 770 సెకన్లలో, 450 కిలోమీటర్ల దూరాన, అనుకున్న చోటనే బంగాళాఖాతంలో దిగింది. నేలమీద దిగడం 2023 ఏప్రిల్ 2న కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర జరిగింది. హెలికాప్టరు 4.5 కిలోమీటర్ల ఎత్తున వదిలితే, తనంతట తానే వచ్చి రన్‌వే మీద వాలింది.

మొన్న ఆ లెక్కంతా కాగితం మీద వేసి, కోప్పడినందుకు నొచ్చుకుంటూ, మా కుర్రవాడికి పంపాను. ఇప్పుడు వాడు కాలేజీలో ఉన్నాడు. జవాబు వచ్చింది: "అయ్యవారూ, మోటారు మార్చలేదు. రెక్కల్లో దిమ్మ తీసేసి, సన్నని పుల్లలు కట్టి, పైన పలుచని కాగితం అంటించాను. బరువు మూడోవంతుకు దిగింది. సెలవుల్లో మైపాడు తెస్తున్నాను. మీరూ రావాలి."