సుగ్గి నుంచి వచ్చేవాళ్లున్న ప్రతి ఇంటికీ

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల అక్కలకు, అన్నలకు, ఊరి పెద్దలకు,

గుంటూరు వైపు పత్తి తీసి, మిరపకాయలు కోసి, ఇంటిల్లిపాదీ నడుము విరుచుకుని తెచ్చే సుగ్గి కూలి ఎట్లా కరిగిపోతోందో మీకు నేను చెప్పాలా? వడ్డీ కట్టకముందే అందులో కొంత బెల్టు షాపుకు చేరుతోంది. ఊళ్లో మందు దొరక్కపోతే కర్ణాటక టెట్రా ప్యాకెట్లు ఉండనే ఉన్నాయి. తుంగభద్ర దాటితే రాయచూరు, పడమటికి పోతే సిరుగుప్ప.

నిషేధం కోసం పోరాడదామని పిలవడానికి ఇది రాయడం లేదు. దూబగుంట ఆడవాళ్లు రగిల్చిన ఉద్యమం 1993 అక్టోబరులో సారాను ఆపించింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ప్రభుత్వం ఇచ్చింది ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. నేను అడిగేది అంతకంటే చిన్నది. తాగేవాడిని మాన్పించేటప్పుడు వాడి ప్రాణం పోకుండా చూసుకోండి.

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత లేని మనుషులు కనిపిస్తారు, కన్నబిడ్డను కూడా పోల్చుకోలేరు. గాలి సోకిందని తాయెత్తు కోసం తిరిగితే చేజేతులా మనిషిని పోగొట్టుకుంటాం. అప్పుడు పిలవాల్సింది 108ని. ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు మానినా ఇదే ప్రమాదం. మాల వేసుకుని మానాలనుకునేవాళ్ల పట్టుదలకు దండం పెడతాను. కాకపోతే మాలకు ముందు ఒకసారి డాక్టరు దగ్గరికి పోయి రండి.

అక్కలకు ఇంకో మాట. మాన్పించే మాత్ర అంటూ ఎవరో ఇచ్చినదాన్ని అతనికి తెలియకుండా సంగటిలోనో చారులోనో కలపొద్దు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండెకే ముప్పు రావచ్చు.

ముందు ఆదోని ఏరియా ఆసుపత్రిలో చూపించండి. అక్కడ కుదరకపోతే కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. సలహాకు 14446కు ఫోన్ చేయవచ్చు. కేంద్రం 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలిన 37 మంది మన అరుగుల మీదే ఉన్నారు.

మద్యం ఒక్కటే కాదు, గంజాయికి అలవాటుపడిన పిల్లలను కూడా పోలీసులకు భయపడి దాచిపెడుతున్నాం. కొద్ది మోతాదుతో పట్టుబడిన బానిస కూడా తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే 1985 నాటి మత్తుమందుల చట్టమే కేసు నుంచి రక్షణ ఇస్తోంది. అమ్మేవాడి సంగతి వేరు, వాడి గురించి 1972కు చెప్పండి.

పెద్దలారా, బెల్టు షాపుకు వేలం పాట పెట్టి ఆ సొమ్ముతో గుడి పనులు చేసే ఊళ్ల గురించి వింటూనే ఉన్నాం. బెల్టు షాపే చట్టవిరుద్ధం, ఇక దాని పాటకు దేవుడి పేరెందుకు? మీ ఊళ్లో ఆ మాట వస్తే చావడిలోనే అడ్డం చెప్పండి. సుగ్గి బండ్లు దిగే వారంలోనైనా ఆ తలుపు మూయించండి. కూలి డబ్బు ముందుగా ఇంటి ఆడమనిషి బ్యాంకు ఖాతాలో పడేలా మేస్త్రీలతో ఇప్పుడే మాట్లాడండి.