ఫార్వర్డ్ చేసిన చేతుల బాకీ

సైబర్ వేధింపు అనగానే మనకు కాలేజీ పిల్లలు గుర్తుకొస్తారు. పెద్దలు చేసిన వేధింపునకు ఆ పేరు పెట్టము. ‘జాగ్రత్త కోసం పంపాము’ అని సరిపెట్టుకుంటాము.

2020 మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వెలువడేనాటికి శిరివెళ్ల కర్నూలు జిల్లాలోనే ఉన్నది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో కేసులు అధికంగా నమోదైన జిల్లాలలో కర్నూలు ముందు వరుసలో నిలిచింది. లాక్‌డౌన్‌తో బజారు మూతపడింది. వాట్సాప్ గ్రూపే బజారైంది. ‘కరోనా జిహాద్’ అనే విషపు మాట ఆ కొత్త బజారులో దేశమంతటా తిరిగింది. ముస్లిం వ్యాపారి వద్ద కూరగాయలు కొనవద్దన్న సందేశాలు దానికి తోడయ్యాయి.

మహానగరంలో దూషించేవాడు ముఖమెరుగని వాడు కావచ్చు. శిరివెళ్ల వంటి ఊరిలో ఆ వీలు లేదు. పంపినవారి పేరు తెలుసు, ఇల్లు తెలుసు, నిన్నటిదాకా కలిసి తాగిన చాయ్ తెలుసు. అందుకే ఆ దెబ్బ లోతుగా దిగుతుంది. అవమానానికి వెరచిన మనిషి జ్వరాన్ని కూడా దాచుకుంటాడు. నష్టం ఊరందరిదీ అవుతుంది.

ఈ ప్రమాదం ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఏ సమాజాన్నీ, ఏ ప్రాంతాన్నీ వ్యాధికి కారణమని ముద్ర వేయరాదనీ, బాధితుల పేర్లను సామాజిక మాధ్యమాల్లో వ్యాప్తి చేయరాదనీ కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ 8న సూచించింది. అంతకు ముందురోజే, ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒకే చాట్‌కు పంపేలా వాట్సాప్ పరిమితి విధించింది. సలహా ఉన్నది, సాంకేతిక కట్టడి ఉన్నది, కొరవడినది మనస్సాక్షి.

అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లిగీ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించింది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు, విదేశీయులకు ఆశ్రయమిచ్చారన్న ఆరోపణపై 70 మంది భారతీయులు ఎదుర్కొంటున్న కేసులను రద్దు చేసింది. అభియోగం గంటలలో ఊరు చేరింది. విముక్తికి ఐదేళ్లు పట్టింది. ఆ తీర్పులను ఎన్ని గ్రూపులు పంచుకున్నాయి?

2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ యాప్‌లు ముస్లిం స్త్రీల ఫొటోలను వేలానికి పెట్టినట్లు ప్రదర్శించాయి. మహమ్మారి కాలంలో ద్వేషాన్ని చూసీచూడనట్లు వదిలిన సమాజం, స్త్రీల గౌరవం బజారున పడినప్పుడు ఆశ్చర్యపోవడం దేనికి?

చట్టం లేదని తప్పించుకోలేము. మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం నాడు భారత శిక్షాస్మృతి 153ఎ కింద నేరం, నేడు భారతీయ న్యాయ సంహిత 196 కింద నేరం. మనం దయ కోరడం లేదు. ఆ సెక్షన్లను అందరికీ సమానంగా అమలు చేయమంటున్నాము. మన గ్రూపులలో మరొక మతాన్ని కించపరిచే సందేశం వచ్చినా ఇదే న్యాయం వర్తించాలి.

ఇక పొరుగువారిని అడిగేది ఒక్కటే. నాడు ఏ గ్రూపులో నింద పంపారో, అదే గ్రూపులో తీర్పునూ పంపండి. ఐదేళ్ల బాకీకి అది తొలి వాయిదా మాత్రమే.